నీలం డ్రమ్ములో గత్తం

"అమ్మాయీ, మీ పెరట్లో ఏదో కుళ్లినట్టుంది. వాసన మా వంటింట్లోకి కొడుతోంది" అని పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చెప్పినప్పుడు నాకు చాలా సిగ్గేసింది. అప్పటికి ఏడాదిగా రెండు పెద్ద మట్టికుండల్లో వంటింటి చెత్త వేసి కంపోస్టు చేస్తున్నాను. కుండ పైభాగం బాగానే ఉండేది. అడుగుకి చేరిన చెత్తకి గాలి అందేది కాదు. కర్రతో కలుపుదామంటే సగం లోతు దాటి దిగేది కాదు. వంచి బోర్లిద్దామంటే నా ఒక్కదాని వల్ల అయ్యే బరువు కాదు. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆపేయడానికి నాకు మనసొప్పలేదు.

మాది విశాఖపట్నంలో మర్రిపాలెం. ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న పెరడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అందులో ఉన్న మామిడిచెట్టు, మునగచెట్టు రెండూ పడిపోయాయి. చాలా రోజులు ఆ ఖాళీ వైపు చూడబుద్ధి కాలేదు. నీడ పోయింది కాబట్టి ఎండ దండిగా పడేది, కూరగాయలైనా వేద్దామని తవ్వితే కింద అంతా ఇల్లు కట్టినప్పుడు పోసిన రబ్బీసు, ఇటుక ముక్కలు, ఎర్ర గ్రావెల్. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోయేవి. వంగ మొక్క జానెడు ఎదిగి ఆగిపోయేది. ఆ నేలకి కావలసింది గత్తం. మావైపు పశువుల ఎరువుని గత్తం అంటాం. మా అత్తయ్యది విజయనగరం దగ్గర పల్లెటూరు, ఆవిడ కంపోస్టుని కూడా గత్తమనే అంటారు. నాకూ అదే అలవాటైంది.

ఇంకో కారణం కూడా ఉంది. మా వీధిలో బండికి ఇచ్చే చెత్త చివరికి కాపులుప్పాడ యార్డుకి పోతుంది. భీమిలి వైపు వెళ్లినప్పుడు ఆ కొండల దగ్గర గాలి ఎలా ఉంటుందో చూశాను. కూరగాయ తొక్కలు, అన్నం, ఆకులు గాలి ఆడకుండా గుట్టగా పడి ఉంటే వాటిలోంచి మీథేన్ పుడుతుంది, నిప్పంటుకుంటే ఓ పట్టాన ఆరదు. నా ఇంటి తొక్కలు అక్కడ ఎవరో ఒకరి ఊపిరికి అడ్డం పడుతున్నాయని తెలిశాక, బండిలో వేసి చేతులు కడుక్కోవడం కష్టమనిపించింది.

కంపోస్టు గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట తిరగెయ్యమని. మన దేశంలోనే, ఇండోర్‌లో, ఆల్బర్ట్ హోవర్డ్ 1920లలో పని చేసి, రైతుల దగ్గర చూసినదాన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దాడు. ఇండోర్ పద్ధతి అని దానికి పేరు. ఆకులూ పేడా పొరలుగా వేయడం, తడి ఆరకుండా చూడడం, కొన్ని వారాలకోసారి గుట్టని తిరగెయ్యడం, పద్ధతంతా ఇంతే. తిరగేస్తే లోపలికి గాలి పోతుంది. గాలి తగిలితే బతికే సూక్ష్మజీవులు చెత్తని వాసన లేకుండా తింటాయి. పల్లెలో అయితే పార పట్టుకుని తిరగెయ్యవచ్చు. పన్నెండు అడుగుల పెరట్లో, గోడకి అవతల వంటిల్లు ఉన్నచోట, తిరగడానికి వీలున్న పాత్ర కావాలి. అలా డ్రమ్ము ఆలోచన వచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మేవి కొన్ని చూశాను. నాకు నచ్చినవి మా బడ్జెట్‌కి మించి ఉన్నాయి. అందుబాటులో ఉన్నవి మరీ చిన్నవి.

మా నాన్న సింధియాలో షిప్‌యార్డు ఫిట్టరుగా ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఫోన్ చేసి చెప్పగానే, "తిప్పడం పెద్ద పని కాదమ్మా. బరువెంతో ముందు చెప్పు" అన్నారు. నాకు తెలియదు. కుండలోంచి తడి కంపోస్టు పది లీటర్ల బకెట్ నిండా తీసి, వీధి చివర పాత పేపర్లు కొనే అబ్బాయి కాటా మీద తూచాను. ఆరు కిలోలు. అంటే 200 లీటర్ల డ్రమ్ములో మూడింట రెండొంతులు నింపినా ఎనభై కిలోల దగ్గరికి వస్తుంది. ఆ లెక్క చెప్పాకే నాన్న కాగితం మీద గీత గీశారు.

డ్రమ్ము కోసం ఇద్దరం గాజువాక ఆటోనగర్ వెళ్లాం. అక్కడ పాత డ్రమ్ములు గుట్టలుగా ఉన్నాయి. ఇది చేద్దామనుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క చోటే: డ్రమ్ములో ముందు ఏముండేదో తెలియకుండా కొనకండి. రసాయనాలు ఉన్న డ్రమ్ము ఎంత కడిగినా ప్లాస్టిక్‌లోకి ఇంకినది పోదు. దాంట్లో చేసిన గత్తం తోటకూరకి వేసి, ఆ కూర పిల్లలకి పెడతాం. మొదటి షాపులో "ఏదో ఆయిలమ్మా, కడిగేశాం" అన్నారు, మూత తీస్తే ముక్కు మండింది. రెండో చోట లేబుల్ చింపేసి ఉంది. మూడో చోట గ్లూకోజ్ సిరప్ వచ్చిన డ్రమ్ములు దొరికాయి, లేబుల్ చెక్కు చెదరలేదు, అడుగున త్రికోణంలో 2 అంకె, దాని కింద హెచ్‌డీపీఈ అని ఆ గట్టి ప్లాస్టిక్ రకం పేరు ఉన్నాయి. లోపల తీపి వాసన, చీమలు. నాన్నకి ఆ చీమల్ని చూసి ధైర్యం వచ్చింది. తొమ్మిది వందలకి ఇచ్చారు. పైన రెండు చిన్న బిరడాలు తప్ప మూత ఊడని రకం తీసుకున్నాం. పూర్తిగా మూత ఊడే డ్రమ్ము అయితే ఇరుసు బరువు మూత మీద పడుతుంది, కొన్నాళ్లకి రింగు వదులవుతుంది. ఆటో మీద ఇంటికి తెచ్చి, చాకలి సోడా వేసిన వేడినీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టాం.

తలుపు కోయడం తేలికనుకున్నాను. నాన్న ఆపారు. గుండ్రటి డ్రమ్ములోంచి ముక్క కోస్తే ఆ ముక్క వంపు పోయి కొంచెం సాగుతుందట, మళ్లీ అదే కంతలో సరిగ్గా కూర్చోదట. అందుకని ముందు పద్దెనిమిది అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు గీసుకుని, పొడవు వైపు ఒక్క గీత మాత్రమే కోశారు. ఆ కోత మీదే బందులు బిగించారు. తర్వాతే మిగిలిన మూడు వైపులా కోశారు. తలుపు చక్కగా కూర్చుంది. కోసిన సందులోంచి వాన దిగకుండా తలుపు మూడు అంచుల మీదా పాత టైరు ట్యూబు పట్టీలు అంటించాం. గడియ వైపు రెండు గడియలు పెట్టాం, ఎందుకంటే డ్రమ్ము తిరిగినప్పుడు లోపలి బరువంతా ఒక క్షణం ఆ తలుపు మీదే పడుతుంది.

ఇరుసుకి ఒకటింబావు అంగుళం జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు. డ్రమ్ము రెండు చివర్లకీ సరిగ్గా నడిబొడ్డున కంత పెట్టాలి. నాన్న దారం కట్టి మూడుసార్లు కొలిచారు. అర అంగుళం పక్కకి పోయినా బరువు ఒకవైపే వేలాడి, తిప్పిన ప్రతిసారీ డ్రమ్ము వెనక్కి వచ్చేస్తుందని చెప్పారు. ఉత్త ప్లాస్టిక్ కంతలో పైపు దూర్చి వదిలేస్తే ఎనభై కిలోల బరువుకి ఆ కంత కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతుంది. అందుకని ఒక్కో చివర లోపలా బయటా ఎనిమిదంగుళాల చదరపు రేకులు పెట్టి, మధ్యలో ప్లాస్టిక్‌ని ఇరికించి, నాలుగేసి బోల్టులతో బిగించాం. రేకుకి వెల్డింగ్ చేసిన కాలరులో పైపు కూర్చుంటుంది. డ్రమ్ముతో పాటు పైపు కూడా తిరుగుతుంది. స్టాండు మీద పైపు ఆనే చోట పెద్ద పీవీసీ పైపు ముక్కలు వేసి, గ్రీజు పెట్టాం.

స్టాండుకి కత్తెర కాళ్లు, ఒకటిన్నర అంగుళం ఇనుప యాంగిల్. కంచరపాలెంలో వెల్డింగ్ షాపు అబ్బాయి చేసిచ్చాడు. ఇరుసు ఎత్తు ఎంతుండాలన్నది నేను తేల్చాను. డ్రమ్ము కింద నేను గత్తం పట్టే టబ్బు పద్నాలుగు అంగుళాల ఎత్తు. టబ్బు దూరాలి, వంగకుండా తలుపు తియ్యగలగాలి. నేల నుంచి ముప్పై మూడు అంగుళాలు పెట్టాం. ఇప్పటికీ తలుపు తీసినప్పుడల్లా ఆ కొలత సరిగ్గా కుదిరిందని అనిపిస్తుంది.

నాన్న అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టింది తుప్పు మీద. "సముద్రం ఇక్కడికి కనబడకపోవచ్చు, ఉప్పు మాత్రం వచ్చేస్తుంది" అన్నారు. వెల్డింగ్ అతుకులన్నీ రుద్ది, తుప్పు పట్టకుండా రెండు పూతలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద రెండు పూతలు ఎనామిల్. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్. నేను డబ్బు కలిసొస్తుందని అల్యూమినియం గడియలు తెచ్చాను. ఆయన వద్దనే అన్నారు, రెండు రకాల లోహాలు ఉప్పుతడిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే బలహీనమైనది తినుకుపోతుందని. నేను వినలేదు. ఒక్క వానాకాలం గడిచేసరికి స్టెయిన్‌లెస్ బోల్టు చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలింది, గడియ ఊడి వచ్చింది. తర్వాత అవి కూడా స్టీలువే వేశాం. ఈ ఊళ్లో చేసుకునేవాళ్లు ఇంకో పని కూడా మరిచిపోకూడదు. స్టాండు కాళ్లని సిమెంటు దిమ్మల్లోకి బోల్టు చెయ్యాలి, డ్రమ్ము దానంతటది తిరగకుండా కొక్కెం పెట్టాలి. తుఫాను గాలికి ఖాళీ డ్రమ్ము స్టాండుతో సహా లేచిపోగలదు. హుద్‌హుద్ రోజు రేకులు ఎగరడం చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

గాలికి పది మిల్లీమీటర్ల బిట్టుతో నలభై కంతలు పెట్టి, లోపలివైపు స్టీలు దోమల మెష్ అంటించాం. అంతా కలిపి నాలుగు వేల రెండు వందలు అయింది. నాన్న కూలి లెక్కలో లేదు.

మే నెల మొదటి వారంలో మొదలుపెట్టాం. కొలత నేను చదివి పెట్టుకున్నదే, రెండు తట్టలు ఎండాకులకి ఒక తట్ట తడి చెత్త. సూక్ష్మజీవులకి ఒక వంతు నత్రజనికి పాతిక నుంచి ముప్పై వంతుల కార్బన్ కావాలి. వంటింటి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండాకులో కార్బన్ ఎక్కువ, రంపపు పొట్టులో అయితే మరీ ఎక్కువ. నేను తూచి వెయ్యలేదు, తట్టల లెక్కే. పాలు పోయించుకునే వాళ్ల గేదెల పాకలోంచి అర బకెట్ పేడ తెచ్చి నీళ్లలో కలిపి చల్లాను. నాలుగో రోజు పొద్దున్న తలుపు తియ్యగానే ఆవిరి వచ్చింది. అత్తయ్య ఇనుప చువ్వ గుచ్చి, అయిదు నిమిషాలాగి తీసి పట్టుకోమన్నారు. పట్టుకోలేకపోయాను. "ఉడుకుతోంది. ఇక పర్లేదు" అన్నారు. తర్వాత కొన్న పొడవాటి థర్మామీటరులో 52 డిగ్రీలు చూపించింది. పొలంలో పెద్ద గుట్ట లోపల అరవై దాటుతుంది, డ్రమ్ము చిన్నది కాబట్టి వేడి తొందరగా పోతుంది. అయినా ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. చచ్చిందనుకున్న చెత్త లోపల అంత జీవం ఉంది.

ఆ వేడి వారంలో తగ్గింది, డ్రమ్ములోకి చీమలు చేరాయి. చీమలు వచ్చాయంటే లోపల తడి లేదని అర్థం. గుప్పెడు తీసి పిండితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి, పిడికిలి విప్పితే ముద్ద కొంచెం నిలబడి, వేలు తగిలితే విడిపోవాలి. నాది ఇసకలా రాలింది. బియ్యం కడిగిన నీళ్లు పోస్తూ వచ్చాను. మొదటి విడత అలా నడిచింది.

అసలు కష్టం జూలైలో వచ్చింది. వానలు పట్టాయి. ఎండాకుల నిల్వ అయిపోయింది, వీధిలో రాలినవన్నీ తడిసి ముద్దయ్యాయి. నేను ప్రతిరోజూ వంటింటి చెత్త వేస్తూ, కలిస్తే మంచిదని రోజూ ఇరవై చుట్లు తిప్పుతూ పోయాను. రెండు వారాలకి తలుపు తీస్తే లోపల గత్తం లేదు, ఉండలున్నాయి. నిమ్మకాయంతవి, కొబ్బరికాయంతవి, నున్నగా చుట్టిన లడ్డూల్లాంటివి. ఒకటి విరిస్తే లోపల నల్లగా, కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి అందించడానికి తిప్పిన ప్రతి చుట్టూ ఆ ఉండలని ఇంకాస్త గట్టిగా చుట్టింది. తడి ముద్ద గుండ్రటి గోడ మీద దొర్లుతుందే తప్ప విడిపోదు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పక్కింటి పిన్నిగారి మొహం తలుచుకుని నిద్ర పట్టలేదు. చాలా టెన్షన్ పడ్డాను.

నాన్న వచ్చి చూసి, డ్రమ్ము లోపలి గోడ మరీ నున్నగా ఉందన్నారు. నాలుగంగుళాల పీవీసీ పైపుని నిలువునా చీల్చి, మూడు పొడవాటి ముక్కలు లోపల గోడకి సమాన దూరాల్లో బిగించాం. ఇప్పుడు డ్రమ్ము తిరిగినప్పుడు ఆ రెక్కలు చెత్తని పైకెత్తి వదులుతాయి. కింద పడ్డప్పుడు అది చెదురుతుంది, గాలి పట్టుకుంటుంది. ఉండలన్నీ చేత్తో విరిచి, అట్టపెట్టెలు చింపిన ముక్కలు, సామిల్లు నుంచి తెచ్చిన పొట్టు, కొంచెం కొబ్బరి పీచు కలిపాను. మూడో రోజుకి ఆ కోడిగుడ్డు వాసన పోయింది. దాని బదులు ముక్కు మండే ఘాటు వచ్చింది. అది అమ్మోనియా. మొదటిది గాలి చాలకపోతే వచ్చే వాసన, రెండోది నత్రజని ఎక్కువైతే వచ్చేది. రెండూ ఒకటే అనుకుంటే మందు తప్పుతాం. అత్తయ్య పొయ్యి బూడిద వేద్దామన్నారు, వాళ్ల ఊళ్లో వాసన వస్తే అదే వేసేవారు. అమ్మోనియా వస్తున్నప్పుడు బూడిదా సున్నమూ వేస్తే ఇంకా ఎక్కువ వస్తుందని నెమ్మదిగా చెప్పాను. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. "అయితే ఏటి వేద్దాం మరి?" అని అడిగారు. ఇంకో రెండు తట్టల పొట్టు వేశాం. తగ్గింది.

ఇంకో సమస్యని మాత్రం అత్తయ్యే పరిష్కరించారు. మా ఇంట్లో రోజూ దేవుడికి పూలదండ వేస్తారు. ముందురోజు దండ డ్రమ్ములోకి పోయేది. పూలు కుళ్లిపోయేవి, దారం పోదు. నైలాన్ దారం ఇరుసు పైపుకి చుట్టుకుని, దాని మీద అరటి నార, దాని మీద కొబ్బరి పీచు చేరి, పైపు చుట్టూ చేతి లావున తాడు తయారైంది. చాకుతో కోసి తియ్యడానికి ఒక పూట పట్టింది. అప్పటి నుంచి అత్తయ్య పొద్దున్న కాఫీ తాగుతూ దండలోంచి దారం లాగి, పూలు మాత్రం బుట్టలో వేస్తున్నారు. పూర్ణా మార్కెట్లో అరటినారతో కట్టిన దండ దొరికితే అదే తెమ్మంటారు.

చేపల పొలుసులు, తలకాయలు మొదట్లో వేశాను. పిల్లులు రాత్రంతా డ్రమ్ము ఎక్కి కూర్చున్నాయి. ఇప్పుడు అవి అరటిచెట్టు మొదట్లో అడుగు లోతు గోతిలో పాతేస్తున్నాం. తెల్లటి లావుపాటి పురుగులు కనబడితే మాత్రం భయపడనవసరం లేదు. అవి చాలావరకు సోల్జర్ ఫ్లై అనే వేరే రకం ఈగ పిల్లపురుగులు, ఇంటి ఈగలవి కావు. చెత్తని చాలా తొందరగా తింటాయి.

ఇక డ్రమ్ములో చెత్త వెయ్యడం ఆపి మూసెయ్యడం సంగతి. నా దృష్టిలో డ్రమ్ము పెట్టుకున్నవాళ్లు చేసే పెద్ద పొరపాటు, నేనూ ఆరు నెలలు చేసింది, రోజూ కొత్త చెత్త వేస్తూ ఉండడం. పైన గత్తం, మధ్యలో సగం గత్తం, వాటి మధ్య నిన్నటి బెండకాయ ముచ్చికలు. ఎప్పటికీ పూర్తి కాదు. ఆగస్టులో ఇక ఆగలేక, నల్లగా ఉంది కదా అని పది కిలోలు తీసి మిరప నారుకి వేశాను. వారంలో ఆకులు పసుపెక్కాయి. సగం కుళ్లిన చెత్త ఇంకా కుళ్లడానికి నేలలో ఉన్న నత్రజనినే లాక్కుంటుంది, మొక్కకి మిగలదు. ముప్పై మొక్కల్లో పదకొండు చనిపోయాయి. అవి నేను గింజ నుంచి పెంచినవి. నాకు చాలా బాధేసింది.

అందుకే ఇప్పుడు డ్రమ్ము మూడింట రెండొంతులకి చేరగానే వెయ్యడం ఆపేస్తాం. అంతకంటే నింపితే లోపల పడడానికి చోటుండదు, మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది. ఆపిన రోజున తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెడతాం. అక్కడి నుంచి వారానికి రెండుసార్లు, ఆరేడు చుట్లు, అంతే. కొత్త చెత్త ఆ రోజుల్లో పాత కుండల్లోకి పోతుంది. ఈసారి ప్రతి పొరకీ ఎండాకు వేస్తాను కాబట్టి, నిండకముందే డ్రమ్ములోకి మారుస్తాను కాబట్టి, కుండలు వాసన రావడం లేదు. అయిదుగురున్న మా ఇంట్లో రోజుకి కిలో దాకా వంటింటి చెత్త వస్తుంది. అది కుళ్లుతూ కుంచించుకుపోతుంది కాబట్టి డ్రమ్ము నిండడానికి ఆరు వారాలు పడుతుంది.

అత్తయ్య తేదీలు రాయరు, పండగలే రాస్తారు. ఆ సంవత్సరం నాగుల చవితికి మూశాం, ధనుర్మాసం మొదలైన రోజు తెరిచాం. టబ్బు కింద పెట్టి, డ్రమ్ము తలుపు కిందికి తిప్పి గడియలు తీస్తే, ఉండలు లేకుండా, పొడిపొడిగా, కాఫీ గింజల రంగులో పడింది. వాన పడ్డ మొదటి రోజు నేల వాసన. వాడేయలేదు. గోనెసంచుల్లో పోసి నీడలో ఇంకో నెల ఉంచాం. సంక్రాంతి వెళ్లాక కొంచెం కుండీలో తీసి మెంతులు చల్లి చూశాను. నాలుగో రోజుకి అన్నీ ఒకేలా, పచ్చగా మొలిచాయి. మొలకలు సమంగా వస్తే గత్తం పండినట్టే. తూచితే ఇరవై ఏడు కిలోలు.

ఎండాకులే అసలు పెట్టుబడి అని రెండో ఏడు అర్థమైంది. మా వీధి మొదట్లో రెండు బాదం చెట్లున్నాయి. జనవరి, ఫిబ్రవరిల్లో ఆకులు ఎర్రబడి కుప్పలుగా రాలతాయి. వాటిని ఊడ్చి పొద్దున్నే అంటించేసేవారు, వీధంతా పొగ. నేను వీధి ఊడ్చే అక్కని అడిగి, గోనెసంచులు ఇచ్చాను. బాదం ఆకు దళసరిగా ఉంటుంది, అలాగే వేస్తే నెలలు పడుతుంది. ఎండలో కరకరలాడేదాకా ఉంచి, సంచిలోనే కాలితో తొక్కి నలగ్గొట్టి వేస్తే సులువుగా కలుస్తుంది. వానాకాలానికి పదిహేను సంచులు నిల్వ చేశాను. మేడమెట్ల కింద ఇప్పుడు సైకిళ్లకి చోటు లేదు. పిల్లలు సర్దుకున్నారు. ఆ తర్వాత వచ్చిన జూలైలో ఒక్క ఉండ కూడా కట్టలేదు.

పక్కింటి పిన్నిగారు మొన్న గోడ మీంచి ఒక సంచి అందించారు. వాళ్ల వేపచెట్టు ఆకులు, ఎండబెట్టినవి. "మాకూ రెండు తట్టలు ఇస్తావా అమ్మాయీ, కరివేపాకు ఎదగట్లేదు" అన్నారు. ఆవిడకి ఇవ్వబోయేది ఈ విడతలోది. రబ్బీసు నేలలో ఇప్పుడు ఒక జానెడు లోతు దాకా పార దిగుతోంది. ఆనపపాదు ఇనుప స్టాండు మీదికే ఎక్కేసింది, తిప్పేటప్పుడు తీగని పక్కకి జరపాల్సి వస్తోంది. నాన్న పోయిన ఆదివారం వచ్చి, ఎడమ కాలి దగ్గర వెల్డింగ్ మీద రూపాయి బిళ్లంత తుప్పు మచ్చ కనిపెట్టారు. ఇసక కాగితం, రెడ్ ఆక్సైడ్ డబ్బా తెచ్చి పెట్టాను. వాన తెరిపిచ్చిన రోజు ఇద్దరం కూర్చుని రుద్దాలి.